మూడు టెరాబైట్లూ ఇరవైరెండు కేసెట్లూ

మా ఇంట్లో పుస్తకాల బీరువా నిండి చాలాకాలమయింది. ఆ తర్వాత నిండడం మొదలుపెట్టింది కంప్యూటరు. 2007లో 80 గిగాబైట్ల హార్డుడిస్కు అమ్మిన అంగడి కుర్రవాడు "ఇది జన్మలో నిండదు సార్" అన్నాడు. రెండేళ్ళలో నిండింది. తర్వాత కొన్న 1 టెరాబైటు డిస్కు తెరమీద 931 గిగాబైట్లే చూపింది. తయారీదారులు వేలలో లెక్కిస్తారు, కంప్యూటరు 1024లలో లెక్కిస్తుంది. సంత తూకం అనుకొని సరిపెట్టుకున్నాను. ఈ వేసవిలో 4 టెరాబైట్లది కొని, ఉన్నదంతా అందులోకి తోడిపోస్తే 3 టెరాబైట్లు దాటింది.

ఏమున్నాయి అందులో? పాత సినిమాలు, ఘంటసాల పద్యాలు, రేడియో నాటికలు, పిల్లల వీడియోలు, అన్నిటినీ మించి స్కాను పుస్తకాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుండి రాత్రుళ్ళు మేలుకొని పుస్తకాలు దింపుకున్న రోజులు చదువరులలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. విద్వాన్ విశ్వం, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి మా జిల్లావారి పేరు కనబడితే విడిచిపెట్టేవాణ్ణి కాను. "అంతర్జాలంలో ఉన్నదాన్ని ఇంట్లో దాచడమెందుకు?" అని మిత్రులు నవ్వేవారు. 2017లో ఆ గ్రంథాలయమే అంతర్జాలంలో కనబడకుండా పోయింది. అందులోని పుస్తకాలెన్నింటినో ఎవరో పుణ్యాత్ములు ఆర్కైవ్.ఆర్గ్‌లో చేర్చి ఉండబట్టి అవి నిలిచాయి.

కానీ నా దిగులు వాటి గురించి కాదు. 1980లలో మా నాన్నగారు చుట్టుపక్కల పల్లెల్లో తోలుబొమ్మలాటలకు టేపురికార్డరు మోసుకుపోయేవారు. 22 కేసెట్లు, ఒక్కొక్కటి 90 నిమిషాలు. రామాయణం పాటల నడుమ పిల్లల ఏడుపులు, కుక్కల అరుపులు, తెల్లవారుజామున కోడికూత, ప్రతి కేసెట్టు మొదట్లో గొంతు సవరించుకొని తేదీ చెప్పే నాన్నగారి కంఠం. కుదించకుండా కంప్యూటరుకెక్కిస్తే అంతా కలిపి 21 గిగాబైట్లయింది. మొత్తం సరుకులో నూటికొక వంతు కూడా కాదు. ఆ టేపులిప్పుడు అతుక్కుపోయాయి, మళ్ళీ తిరగవు.

ముసలమ్మ కథ ఈ సీమలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కట్టమంచివారు కావ్యంగా వ్రాసినది మా బుక్కరాయసముద్రం చెరువు కథే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరం లేనిచోట చెరువు లోతుకన్నా కట్ట మీదే అందరికీ ధ్యాస. 40 డిగ్రీలు దాటే గది, ఎర్రదుమ్ము, చెప్పాపెట్టకుండా పోయే కరెంటు: వీటి మధ్య ఏ డిస్కూ శాశ్వతం కాదు. రెండేళ్ళ క్రితం మే నెలలో ఆ 1 టెరాబైటుది టిక్కుటిక్కుమని మూలిగి ఆగిపోయింది. కేసెట్లు వేరేచోట కూడా ఉండబట్టి బతికాను.

అందుకే చోటు పెంచడం మాని ప్రతులు పెంచాను. ఒకటి బీరువాలో, ఒకటి బెంగుళూరులో మా చెల్లెలి దగ్గర. మూడవది పెన్‌డ్రైవులో వేసుకొని ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు పోయాను. 2020లో దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చిన ఊరు అది. ఇప్పుడక్కడ తోలుతో దీపాల గుమ్మటాలే ఎక్కువ చేస్తున్నారు. ఒక ఇంట్లో సెల్‌ఫోనుకు తగిలించి వినిపిస్తే, రంగులద్దుతున్న పెద్దాయన కుంచె పక్కన పెట్టి "ఇది మా నాయన గొంతే సామీ" అన్నారు. తరువాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆయన మనవడు అప్పటికప్పుడు తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. చోటు చాలక ఏవో సినిమాలు చెరిపేశాడు.

నా సినిమాల సంగతి వేసవి పోయాక చూడాలి.