ఈకల కిరీటం నలభై రూపాయలు అదనం

2019 ఫిబ్రవరిలో బడి వార్షికోత్సవానికి మేము ఎనిమిది మందిమి ‘గిరిజన నృత్యం’ చెయ్యాలన్నారు. అందరం మందస కొండల దగ్గరి సవర గూడేల ఆడపిల్లలమే. తొమ్మిదో తరగతి. ఆటకి భయం లేదు, కందికొత్తల పండక్కి ఏటా ఆడేదే. భయమంతా బట్టలకే. ఎనిమిది మందికీ ఒక్కలా ఉండాలని మేష్టారు గట్టిగా చెప్పారు.

ఆ యేడు ఇంట్లో డబ్బు మాట ఎత్తే వీల్లేదు. నాలుగు నెలల ముందే, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో లేచిపోయాయి. మా పెద్దవాళ్లు కొందరు ఏటా జీడిపిక్కలు ఏరడానికి వజ్రపుకొత్తూరు వైపు దిగేవారు. పడిపోయిన తోటలో ఏం ఏరతారు? కొత్త జీడిమొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు, కొబ్బరికి ఇంకా ఎక్కువ. కొండచీపుర్లు అమ్మిన డబ్బులోంచి ఇంటికి నూటయాభై అడిగి తెచ్చుకున్నాం. అంతా కలిపి పన్నెండు వందలు.

ముగ్గురం, తోడుగా ఒక అక్క, కాశీబుగ్గ వెళ్లాం. అక్కడ డాన్సు బట్టలు అద్దెకిచ్చే కొట్టు ఉంది.

“ఏటి కావాలమ్మా? కూచిపూడా, కోలాటమా?”

గిరిజన డాన్సుకి అన్నాం. అటక మీంచి మూట దింపాడు. ఆకుల అచ్చు వేసిన పచ్చ లంగా, పులిచారల జాకెట్టు, ప్లాస్టిక్ పూసలు, రంగేసిన కోడి ఈకల కిరీటం. సెట్టు రెండొందలు, కిరీటానికి నలభై అదనం, అడ్వాన్సు వేరే.

“ఇవి ఎవులేసుకుంటారు బాబూ?” అని అడిగింది అక్క.

“అడివోళ్లు” అన్నాడు, మడతలు విప్పుతూనే.

మేము ఎక్కడి వాళ్లమో ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. రేటు గిట్టదని లేచి వచ్చేశాం. గిట్టి ఉంటే తెచ్చుకునేవాళ్లమేమో. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఈకలు మాకు లేవని కాదు. పండగ ఆటలో మగవాళ్లు తలపాగాలో ఈక చెక్కుకుంటారు, చేత గొడుగు పట్టుకుంటారు. ఆడవాళ్లకి కిరీటమూ పులిచారలూ ఎవరి ఊహలోంచి వచ్చాయో! ఇప్పుడు ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం సభల్లోనూ అవే కనిపిస్తున్నాయి, పెట్టుకున్నది మన పిల్లలే.

అక్కణ్ణించి టెక్కలి వెళ్లాం. బట్టల కొట్లో ఒకే రంగు చీరలు ఎనిమిది కావాలంటే, అన్నిటికన్నా చవకవి రెండొందల ఇరవై చొప్పున చెప్పారు. మళ్లీ బస్సెక్కాం.

మాలో ఒకదాని అమ్మమ్మ సంగతంతా విని నవ్వింది. “ఒలే గుంటల్లారా, మన ఆటకి బట్ట పట్నంలో ఎతికేరా?” రేకుపెట్టెలోంచి ముతక నూలు చీర తీసింది. మావాళ్లు నేత నెయ్యరు. మైదానం నేతగాళ్లు సంతకి తెస్తే చింతపండు ఇచ్చి తీసుకున్న చీరట అది. పిక్కల మీదికి కట్టి, భుజం మీద ముడేసి చూపించింది. ఆ ముడి మా అమ్మలకే సరిగా రాదు. మూడు రోజులు నేర్చుకున్నాం.

ఇల్లిల్లూ అడిగితే ఎనిమిది చీరలు దొరికాయి. కానీ నాలుగింటికి ఎర్రంచు, మూడింటికి నీలం, ఒకటి ఏకంగా నైలాను. మేష్టారు మొహం ముడుచుకున్నారు. “ఒక్కలా లేవు కదర్రా.” పూసల పేర్లు ఒక్కలా ఉంటే సరా అని అడిగాం. కాసేపు ఆలోచించి సరే అన్నారు. మందసలో ఎర్రపూసల దండలు, ఒక్కోటి యాభై, ఎనిమిది కొన్నాం.

ఆ రాత్రి స్టేజీ ఎక్కాక మైకులో “ఇప్పుడు అరకు థింసా” అన్నారు. అరకు మాకెంత దూరం! దిద్దడానికి ఒకతె మైకు వైపు అడుగేసింది కూడా, ఈలోగా డప్పు మొదలైపోయింది.

నైలాను చీర ఆటలో ముడి దగ్గర చిరిగింది. దాన్నిచ్చిన పెద్దమ్మ ఏమీ అనలేదు గానీ చాలాసేపు ఆ చిరుగునే చూసింది. ఛార్జీలకి మూడొందల ఇరవై, పూసలకి నాలుగొందలు పోగా నాలుగొందల ఎనభై మిగిలింది. తలా అరవై ఇళ్లల్లో తిరిగిచ్చేశాం.