తెలిసినపిదప సులభము

ఎలుక దండమును కొరికి తిన్నదన్నచో, దానికి కట్టిన అప్పములనుగూడ తిన్నదని వేఱుగ చెప్పనక్కఱలేదు. దీనినే మన పెద్దలు దండాపూపన్యాయమనిరి. పేటెంటు కోరబడిన కల్పన క్రొత్తదైనను, పూర్వకల్పనలనుండి నిపుణునకు ఇట్లే తోచునదైనచో, దానికి 20 సంవత్సరముల గుత్తహక్కు చెల్లదు.

దీనిని తేల్చుటకు 1966లో అమెరికా సుప్రీంకోర్టు, నాగలికి సంబంధించిన గ్రేహం వ్యాజ్యమున, ఒక క్రమమును చూపెను. పూర్వము తెలిసినదేమి, కోరినదానికిని దానికిని భేదమేమి, ఆ విద్యలో సామాన్యనిపుణుని శక్తి యెంత యని మొదట విచారింపవలెను. 2007లో, కారు పెడలును గూర్చిన కె.ఎస్.ఆర్. వ్యాజ్యమున, రెండు పూర్వకల్పనలను కలుపుమని యెచ్చటనో వ్రాసియుండవలెనను నిర్బంధము లేదనియు, నిపుణునకును కొంత యూహ యుండుననియు తీర్పు చెప్పెను.

వీడియో కుదింపునే చూతము. ప్రతి చిత్రమును పూర్తిగ పంపక, ముందరి చిత్రములోని తునక యెంత జరిగినదో చెప్పి, మిగిలిన భేదమును మాత్రము పంపుదురు. హెచ్.261 పద్ధతి ఆ జరుగుబాటును నిండు పిక్సెళ్లతో కొలిచెను. 1993 నాటి ఎంపెగ్-1 అరపిక్సెలువఱకును, 2003 నాటి హెచ్.264 పావుపిక్సెలువఱకును పోయెను. అర తెలిసినపిదప ఒకడు "పావుతో కొలుచుట నాది" యని మాత్రమే కోరెననుకొందము. అరవలన లాభము చూచిన నిపుణుడు పావును ప్రయత్నింపకుండునా? ఇది అప్పమే.

కాని పావుచోట చిత్రమున చుక్క లేదు. చుట్టుపట్ల విలువలనుండి దానిని కట్టవలెను. కొలత సూక్ష్మమైనకొలది దానిని తెలుపు బిట్లు పెరిగి లాభమును మ్రింగవచ్చును. హెచ్.264లో వెలుగు విలువలకు అరచోటులను ఆరు పిక్సెళ్ల లెక్కచే కట్టి, పావుచోటులను సగటుచే పొందిరి. ఒకడు అట్టి ప్రత్యేకమైన లెక్కను కోరి, దాని ఫలము నిపుణు లెదురుచూడనిదని చూపినచో, "లెక్కలు పూర్వమునుండియు నున్నవే" యని త్రోసివేయుట న్యాయము గాదు.

పాఠశాలలో మేము నిత్యము చూచుచున్నాము: నల్లబల్లపై లెక్కను విప్పినంతనే తరగతియంతయు "ఇంతేనా" యనును, అంతకుముందు చేయి యెత్తినవాడు లేడు. కోరినవాని పత్రమునే దీపముగ పట్టుకొని పాతగ్రంథములను వెదకు విచారకుడును ఆ తరగతివంటివాడే. అతడు దరఖాస్తు నాటికి ముందటి నిపుణుని స్థానమున కూర్చుండి, ఏ కారణమున అతడు ఆ రెంటిని కలిపియుండునో స్పష్టముగ వ్రాయవలెను. కారణము దొరకినచో హక్కును నిరాకరింపవలెను; అందఱి విద్యకు ఒకడు సుంకము వసూలు చేయరాదు. దొరకనిచో, నేడు సులభముగ కనబడుచున్నదను మాటతో శ్రమించినవానిని పంపివేయరాదని మా మతము.