ఎవరి మొక్కు వారిది

మార్చి 30, 2025, ఆదివారం. ఉగాది
మిర్యాలగూడ

విశ్వావసు నామ సంవత్సరం. గుళ్లో పంతులుగారు పంచాంగం చదువుతుంటే నా రాశి వచ్చేదాకా అమ్మ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. ఆదాయం కన్నా వ్యయం ఎక్కువని తేలింది. ఆ సంగతి నాకు శుక్రవారమే తెలుసు. డల్లాస్ పక్కనున్న యూనివర్సిటీ నుంచి వచ్చిన మెయిల్‌లో రెండేళ్ల ఫీజు డాలర్లలో రాసి ఉంది.

బచ్చాలు తిని నాయిన మంచం మీద ఒరిగాక చెప్పాను. ఎమ్మెస్‌కు సీటొచ్చింది, ఆగస్టులో పోవాలి అని.

“ఎన్నేండ్లు?” అన్నాడు.

“రెండేండ్లు.”

“తర్వాత?”

లేచి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని తాగాను. నాయిన మళ్లీ అడగలేదు.

ఏప్రిల్ 3, గురువారం
అమీర్‌పేట హాస్టల్

కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం ఆపమని ఇవాళ సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు రోజులుగా ఆఫీసు క్యాంటీన్‌లో అందరి ఫోన్లలోనూ ఆ 400 ఎకరాలే, ఆ జేసీబీలే. రాయదుర్గంలో మా అద్దాల మేడకు అదేమంత దూరం కాదు. మేము కూర్చున్న చోటా ఒకప్పుడు అవే బండరాళ్లు, అవే తుప్పలు. సైబర్ టవర్స్ 1998లో తెరిచారు, నేనింకా పుట్టలేదు. పుట్టాక చూసిన హైటెక్ సిటీ చోట అడవి ఉండేదన్న ఊహే రాలేదు. నెమళ్ల వీడియో ఒకటి ఇన్‌స్టాలో పెట్టి కింద నాలుగు మాటలు రాశాను. కొంచెం కోపంగానే రాశాను.

ఏప్రిల్ 16, బుధవారం

నాయిన యాసంగి కోతలు మధ్యలో వదిలేసి తెల్లవారి బస్సుకు వచ్చాడు. చేతి సంచిలో పట్టాదారు పాసుబుక్కు, ఇంటి కాగితాలు. మొన్న 14న భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చిందని బస్సులో ఎవరో చెప్పారట. పాత పాసుబుక్కు చెల్లుతుందో లేదోనని దారిపొడవునా అదే దిగులు.

బ్యాంకులో లోన్ ఆఫీసర్ దాన్ని తెరవనేలేదు. వ్యవసాయ భూమిని చదువు అప్పుకు తనఖా పెట్టుకోరట.

“మూడెకరాలు సార్. సాగర్ ఎడమ కాల్వ కింద” అన్నాడు నాయిన. ఆయనకు వినపడలేదేమో అనుకుని, “నీళ్ల పొలం” అని మళ్లీ చెప్పాడు.

“ఇల్లుందా?”

“ఉంది” అన్న మాట నాయిన నోట్లోంచి బయటికి రావడానికి కాస్త టైం పట్టింది.

ఇంటికి కావలసినవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు. ఆపైన విలువ కట్టే ఇంజినీరు వస్తాడు, బ్యాంకు లాయరు చూస్తాడు. ఒక్కటే మంచి కబురు, ఈ నెల ఒకటి నుంచి విద్యా రుణంతో బయటికి పంపే డబ్బు మీద టీసీఎస్ పన్ను ఎత్తేశారు.

చివర్న ఆఫీసర్ నావైపు తిరిగి, చదువయ్యాక అక్కడ ఎంత సంపాదిస్తారనుకుంటున్నారు అని అడిగాడు. ఓపీటీ కింద ఏడాది, స్టెమ్ కోర్సు కాబట్టి పైన ఇంకో 24 నెలలు, మొత్తం మూడేళ్లు పనిచేయొచ్చని చెప్పాను. జీతం కూడా ఒక అంకె చెప్పాను. “అంటే అక్కడే ఉంటారు. మంచిది” అని రాసుకున్నాడు.

అడగబోతున్నది 38 లక్షలు. పది శాతం వేసుకున్నా నెలకు 31 వేలు దాటుతుంది, ఒక్క వడ్డీయే. చేతికొచ్చే నా జీతం 42 వేలు.

బయట చాయ్ బండి దగ్గర నాయిన పాసుబుక్కును రుమాల్లో చుట్టి సంచిలో అడుక్కి తోశాడు. “ఇన్నేండ్లు తిండి పెట్టింది గీ భూమే గద బిడ్డా” అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు.

మే 3, శనివారం

మైత్రీవనం వెనక సందులో ఒక కన్సల్టెన్సీ. గోడ మీద పెద్ద పోస్టరు: 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, పదిహేనేళ్లలో మొదటిసారి చైనాను దాటాం అని. కింద కుర్చీల్లో మేము పన్నెండు మందిమి, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో ఫైలు. పక్కనమ్మాయి పలకరింపుగా అడిగింది: “బ్యాక్‌లాగులెన్ని?” “రెండు.” “నావి నాలుగు” అని నవ్వింది. దోస్తీ కుదిరింది.

మాక్ ఇంటర్వ్యూ చేసే కుర్రాడు నాకంటే చిన్నవాడు. చదువయ్యాక ఏం చేస్తారు అన్నాడు. బ్యాంకులో చెప్పిందే చెప్పాను. టేబుల్ మీద చేత్తో కొట్టాడు.

“అయిపోయింది అక్కా. 214 బీ.”

అమెరికా చట్టంలో అదొక సెక్షనట. స్టూడెంట్ వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే ముందు అనుకుంటారు, కాదని నమ్మించాల్సింది మనమే. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మేమూ అంతే, ప్రతి బిల్డులోనూ తప్పుందనే మొదలుపెడతాం.

“మీకు పొలముందా?”

“మూడెకరాలు.”

“ఒక్కతే కూతురా? ఇంకేం! నాన్నకు వయసు మీద పడుతోంది, పొలం నేనే చూసుకోవాలి, చదువు కాగానే వచ్చేస్తాను అనండి. ఇంతకంటే మంచి ప్రూఫ్ లేదు.”

బ్యాంకు వద్దన్న పొలం ఇక్కడ పనికొచ్చింది. నాయినకు ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

మే 28, బుధవారం

సోమవారం రాజీనామా మెయిల్ పంపాను. అరవై రోజుల నోటీసు. వీసా వచ్చాక పెడితే ఆగస్టు దాటిపోతుంది, అందుకని తెగించాను. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు అప్పటికే కట్టేశాను. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి.

నిన్న రాత్రి వార్త. స్టూడెంట్ వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపమని వాషింగ్టన్ నుంచి అన్ని ఎంబసీలకూ కబురెళ్లిందట. స్లాటు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. నాకు లేదు.

టెలిగ్రామ్ గ్రూపులో రాత్రంతా మెసేజీలు. మాటిమాటికీ సైటు తెరిస్తే అకౌంట్ లాక్ అవుతుందని ఒకరు, అవ్వదని ఒకరు. తెల్లారి మెట్రోలో దుర్గం చెరువు దాటుతుండగా మేనేజర్ మెసేజ్: నీ ప్లేస్‌లోకి మనిషిని తీసుకున్నాం, సోమవారం నుంచి పని అప్పగించడం (కేటీ) మొదలుపెట్టు. రైలు రాయదుర్గంలో ఆగింది. అందరూ దిగారు. నేను చివర్న దిగాను.

ఇంట్లో చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

అమ్మకు ఎలాగో తెలిసిపోయింది. పొద్దున్నే పులిహోర కట్టుకుని దిగింది, చిలుకూరు పోదాం పద అంటూ.

గండిపేట చెరువు దిక్కున ఉన్న ఆ చిన్న గుడికి హుండీ లేదు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరితే నూట ఎనిమిది. బాకీ అడుగులతోనే తీర్చాలి. నా చుట్టూ తిరుగుతున్నవాళ్లలో సగం మంది చేతుల్లో ప్లాస్టిక్ ఫైళ్లు. నా ముందు నడుస్తున్న అబ్బాయి గోవిందా అంటూనే మధ్యలో ఫోన్ తీసి స్లాట్లు చూసుకుంటున్నాడు. నవ్వొచ్చింది. నేనూ అంతకుముందే చూసుకున్నాను.

అమ్మ కూడా పదకొండు తిరిగింది. మోకాళ్లు పట్టేసి మెట్ల మీద కూలబడింది.

“నా వీసా కోసం నువ్వెందుకమ్మా తిరగడం?”

“వీసా సంగతి నువ్వు మొక్కుకో. అది నీది. నాది వేరే.”

“ఏంది నీది?”

పులిహోర విప్పింది. మొక్కు బయటికి చెప్పొద్దంట.

జూన్ 24, మంగళవారం

18న ఇంటర్వ్యూలు మళ్లీ మొదలుపెడతామన్నారు. స్లాటు దొరికింది, జులై 11. కాకపోతే విద్యార్థులందరూ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలని నిన్న ఎంబసీ ప్రకటన. గడిచిన అయిదేళ్లలో వాడిన ఖాతాల పేర్లు వీసా దరఖాస్తు డీఎస్–160లో ముందే ఇచ్చాం. ఇప్పుడు తలుపులూ తీసి పెట్టాలి.

రాత్రి హాస్టల్ డాబా మీద నలుగురం కూర్చుని ఎవరి ఇన్‌స్టా వాళ్లు మొదటి నుంచి చూసుకున్నాం. ఒకమ్మాయి పాత ప్రేమికుడి ఫొటోలు తీసేసింది. ఇంకొకతె ఎన్నికలప్పుడు పెట్టిన జోకులు తీసేసింది. నా దాంట్లో తీయాల్సింది ఏముందని కిందికి జరుపుతూ పోతే ఏప్రిల్ 3 వచ్చింది. నెమళ్లు.

అందులో అమెరికా మాటే లేదు. ఎవర్నీ తిట్టిందీ లేదు. అయినా వేలు అక్కడే ఆగింది. ఒక అధికారి దాన్ని చూసి నేను ఎలాంటి మనిషినని అనుకుంటాడు? అనుకుంటాడని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తీసేశాను.

తీయమని ఎవరూ అడగకముందే తీశాను, అదే మనసులో ములుకులా ఉంది. అందుకని ఇక్కడ రాసిపెడుతున్నాను: ఆ అడవి గురించి నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు. ఈ నోట్‌బుక్కు పేరు డీఎస్–160లో ఎవరూ అడగలేదు.

జులై 9, బుధవారం

వేలిముద్రలు ఇచ్చే చోటు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లోనే ఉంది, కింది అంతస్తులో. మూడేళ్లుగా రోజూ ఆ స్టేషన్ మీదుగా పోతున్నాను. తరువాతి స్టేషన్లో దిగేదాన్ని కాబట్టి ఎప్పుడూ కిందికి చూడలేదు. ఇవాళ ఒక స్టేషన్ ముందు దిగాను. పది వేళ్లు, ఒక ఫొటో, పదిహేను నిమిషాలు. మళ్లీ పైకొచ్చి రైలెక్కి ఆఫీసుకు పోయి కొత్తమ్మాయికి రిగ్రెషన్ సూట్ నేర్పించాను.

జులై 11, శుక్రవారం

2016లో పెద్దనాన్న కూతురు వీసా కోసం బేగంపేటలో పైగా ప్యాలెస్ ముందు ఎండలో నిలబడ్డ కథ మా ఇంట్లో అందరికీ కంఠస్థం. 2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ అక్కడినుంచి నానక్‌రామ్‌గూడకు మారింది, అందుకని నా కథ వేరే. చుట్టూ ఐటీ టవర్లు, మధ్యలో పొడవాటి గోడ. ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు. నాయిన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పాసుబుక్కు పట్టుకున్నట్టే రెండు చేతులతో పట్టుకున్నాడు.

అద్దం అవతల నడివయసు మనిషి. ఈ యూనివర్సిటీ ఎందుకన్నాడు. చెప్పాను. డబ్బెవరు పెడుతున్నారన్నాడు. బ్యాంకు లోను, ఇంటి మీద, అన్నాను. నాన్న ఏం చేస్తారు? రైతు.

“ఏం పండిస్తారు?”

కన్సల్టెన్సీ ప్రశ్నల్లో ఇది లేదు. “వరి. కాల్వలో నీళ్లుంటే రెండు పంటలు” అన్నాను. ఏదో టైప్ చేశాడు.

“చదువయ్యాక?”

కుర్రాడు బట్టీ పట్టించిన వాక్యం నాలుక దాకా వచ్చింది. నాన్న వయసు, పొలం, ఒక్కతే కూతురు. అందులో ప్రతి ముక్కా నిజమే, కలిపి చెబితే మాత్రం నాది కాదు. “పని నేర్చుకుని వస్తాను” అన్నాను. ఎప్పుడని ఆయన అడగలేదు. ఖాతాలు పబ్లిక్‌లో ఉన్నాయా? ఉన్నాయి. పాస్‌పోర్టు తన వైపు పెట్టుకున్నాడు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టలేదు.

బ్యాంకులో ఉంటానన్నాను. ఇక్కడ వస్తానన్నాను. ఇద్దరూ నమ్మారు. రాత్రి పడుకోబోతూ లెక్క వేశాను: అప్పు తీరాలంటే అక్కడ ఎన్నేళ్లు, తీరేసరికి నాయినకు ఎంత వయసు. అంకె వచ్చింది. ఇక్కడ కూడా రాయబుద్ధి కావట్లేదు.

జులై 25, శుక్రవారం

ఆఫీసులో ఆఖరి రోజు. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, డ్రాయర్ తాళం ఇచ్చేశాను. కేకు కోశారు. కొత్తమ్మాయి ఎవరూ లేనప్పుడు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: “అక్కా, జీఆర్ఈ కోచింగ్ ఎక్కడ తీసుకున్నారు?”

వచ్చేటప్పుడు మళ్లీ హైటెక్ సిటీ స్టేషన్లో దిగి పాస్‌పోర్టు తీసుకున్నాను. లోపల వీసా పేజీలో నా ఫొటో నన్నే అనుమానంగా చూస్తోంది.

ఆగస్టు 3, ఆదివారం

ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు. ఒకటి బట్టలకు, ఒకటి అమ్మకు. కుక్కరు, కారం, పసుపు, ఆవకాయ నాలుగు పొరల కవర్లో. తూకంలో కిలోన్నర ఎక్కువొస్తే అమ్మ ఆవకాయ జోలికి పోకుండా నా పుస్తకాలు తీసింది.

పొద్దున చిలుకూరు. గడుల కార్డు చేతిలో పట్టుకుని నూట ఎనిమిది తిరిగాను. ఒక్కో చుట్టుకూ ఒక్కో అంకె కొట్టేయాలి. అరవై దాటాక కాళ్లు నావి కావు. ప్రతి చుట్టులోనూ మెట్ల మీద కూర్చున్న అమ్మ కనబడుతూనే ఉంది.

“నువ్వు తిరగవా? నీకూ బాకీ ఉంది కదా” అన్నాను అయిపోయాక.

“నాది ఇంకా తీరలే.”

“వీసా వచ్చింది గద అమ్మా.”

“వచ్చింది. గది నీ మొక్కు.”

నాయిన చెప్పులు వెతుక్కుంటూ దూరం జరిగాడు. అమ్మ కొంగు ముడి విప్పి ఒక కార్డు తీసింది. ఒక్క గడి కూడా కొట్టేయలేదు, ఒకటి నుంచి నూట ఎనిమిది దాకా అన్నీ ఖాళీ. నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచింది.

“పదిలంగా పెట్టుకో. వచ్చేటప్పుడు తేవాలె.”

ఏ పెట్టెలో పెట్టాలో తోచలేదు. ఈ పుటలోనే పెట్టాను.