పాత కారు... పిలవని పేరంటం

పదహారేళ్ల మారుతీ 800తో పాటు, పాత యజమాని బిగించిన అలారమూ ఆ ఇంటికి వచ్చింది. వీధిలో లారీ వెళ్తే చాలు, కుయ్యోమనేది. షాక్ సెన్సర్ స్క్రూ కాస్త తిప్పిస్తే గోల తగ్గింది.

తాతయ్యకు ఆయాసం వచ్చిన రాత్రే రిమోట్‌లో బ్యాటరీ అయిపోయింది. తాళంచెవితో తలుపు తీస్తే సైరన్ మోగింది గానీ ఇంజిన్ స్టార్టవలేదు. దొంగల్ని ఆపాల్సింది ఇంటివాళ్లనే ఆపేసింది. అలారాన్ని ఆపే చాటు స్విచ్ ఎక్కడుందో అమ్మినాయన చెప్పనేలేదు మరి! ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తారు. తాతయ్య తేరుకున్నారు.

మర్నాడు అబ్బాయి సైరన్ వైరు పీకబోతే ఎలక్ట్రీషియన్ వారించాడు. అరుపు ఆగినా బండి కదలదట. ఇగ్నిషన్ వైరును కోసి మధ్యలో రిలే పెట్టారు. దాన్ని తీసేసి, వైరును మళ్లీ టంకం వేసి అతకాలి. ఉత్త టేపు చుడితే కుదుపులకు ఊడుతుంది. డ్యాష్‌బోర్డు కింద దూరి గంటన్నర ఆ పనే చేశాడు.

ఇప్పుడు గేర్‌లాక్ వేస్తున్నారు. దాని రెండో తాళంచెవి ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతోంది.