హత్యాకథలపై మాకెందుకింత మక్కువ?

పరీక్షలు సమీపించిన దినాలలో సైతం మేము విడువలేని వ్యసనం ఒకటున్నది. అది బ్రిటిష్ టెలివిజన్‌వారి హత్యాకథలు చూడటం. ఈ సంగతి విని పెద్దలు నొసలు చిట్లిస్తారు. చదువుకొనే పిల్లలకు శవాలతో ఏమి పని అని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కాలక్షేపమని చెప్పి తప్పించుకోవచ్చును గాని, అది నిజమైన సమాధానం కాదని మాకే తోస్తున్నది.

అపరాధ పరిశోధన మన భాషలకు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను ఎరుగని తెలుగు పాఠకులు గాని, 1952లో అలహాబాదు నుండి వెలువడనారంభించిన ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’లోని కర్నల్ ఫరీదీని ఎరుగని ఉర్దూ పాఠకులు గాని ఒక తరంలో అరుదు. ఆ ఇరువురి అభిమానుల మనుమలూ మా తరగతిలో ఒకే బల్లపై కూర్చుంటారు. అయితే ఆ నవలలలో పరిశోధకుడు వీరుడు. శవం కథకు నాంది మాత్రమే. పుట తిప్పగానే దానిని మరచిపోతాము.

ఇంగ్లండులోనూ ఈ మరపు కథలు లేకపోలేదు. 1997లో ప్రారంభమైన ‘మిడ్‌సమర్ మర్డర్స్’ అట్టిదే. పచ్చికబయళ్ళు, చర్చి గంటలు, పూలతోటలు, వాటి నడుమ వారం వారం హత్యలు! 2011లో దాని నిర్మాత ఒకరు, తమ కథలలో అల్పసంఖ్యాక జాతులవారు కనిపించరనీ, వారుంటే అది ఇంగ్లీషు పల్లె అనిపించుకోదనీ ఒక పత్రికతో అన్నారు. సంస్థ ఆయనను విధుల నుండి తాత్కాలికంగా తప్పించింది. అన్ని హత్యలు జరిగినా చెడని ఆ పల్లె అందం మా వంటి వారొకరు కాపురముంటే చెడిపోతుంది కాబోలునని మేము చాలాసేపు నవ్వుకొన్నాము.

మమ్మల్ని నిజంగా పట్టి నిలిపినది ‘బ్రాడ్‌చర్చ్’. క్రిస్ చిబ్నల్ రచించగా 2013లో ఐటీవీలో ప్రసారమైనది. సముద్రపుటొడ్డున చిన్న ఊరు. కొండచరియ క్రింద పదకొండేళ్ళ బాలుని శవం. పరుగున వచ్చిన తల్లి, కప్పిన గుడ్డ క్రింద బయటకు కనబడే బూట్లను చూసి బిడ్డను గుర్తిస్తుంది. మొదటి శ్రేణిలోని ఎనిమిది భాగాలూ ఈ ఒక్క మరణం చుట్టూనే తిరుగుతాయి. హంతకుడెవరన్న ప్రశ్న ఉన్నది నిజమే. కాని ఆ ఇంట మరునాడు పొయ్యి ఎట్లా వెలిగింది, పొరుగువారు ఏ ముఖంతో పలకరించారు అన్నవే మాకు ముఖ్యమైనాయి. ఇక్కడ మాలో మాకు ఏకాభిప్రాయం లేదు. కొందరు మిత్రులు కడపటి భాగం ముందుగా చూసి, రహస్యం తెలిసికొని నిద్రపోయారు. వారు కోల్పోయినదేమిటో వారికి చెప్పి ఒప్పించలేకపోయాము.

ఆ ఊరిలో పత్రికలమ్ముకొనే వృద్ధుడొకడున్నాడు. అతడు పూర్వమెన్నడో అనుభవించిన కారాగార శిక్ష వార్తాపత్రికలకెక్కుతుంది. నిన్నటి వరకు అతని అంగడిలో పత్రిక కొన్నవారే అతనిని అనుమానిస్తారు. అతడు ప్రాణం తీసుకొంటాడు. హత్య చేసినవాడు అతడు కాడు.

అనుమానమంటే ఏమిటో మాలో కొందరికి గ్రంథాల వలన తెలిసినది కాదు. అద్దె గది కోసం వెళ్ళి, మాటలన్నీ కుదిరి, కడపట పేరు చెప్పగానే “గది ఇప్పుడే ఇచ్చేశామండీ” అన్న జవాబు విని వచ్చినవారు మాలో ఉన్నారు. కనుక ఆ వృద్ధుని పాత్ర నటించిన డేవిడ్ బ్రాడ్లీ ముఖంలోని బెదురు మాకు పరాయి దేశపుదిగా తోచలేదు.

ఇది కల్పన మాత్రమే కాదు. 2010 డిసెంబరులో బ్రిస్టల్ నగరంలో ఒక యువతి హత్యకు గురి కాగా, ఆమె ఇంటి యజమానియైన విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుని పోలీసులు నిర్బంధించారు. ఆయన జుట్టును, నడవడిని వింతగా వర్ణించి పత్రికలు ఆయనే దోషి అన్నట్లు వ్రాశాయి. హంతకుడు వేరొకడని తేలింది. 2011లో ఎనిమిది పత్రికలు ఆయనకు పరువునష్టం పరిహారం చెల్లించవలసి వచ్చింది. 2014లో ఐటీవీయే ఆయన అనుభవాన్ని నాటకంగా చూపింది. శవాన్ని గాక, శవం పేరిట బ్రతికున్నవానిని చీల్చిన తీరును చూపిన ఆ రెండు భాగాలలో పరిశోధకుని ప్రతాపమేమీ లేదు. అయినా మేము కదలక చూశాము.

బ్రాడ్‌చర్చ్ మొదటి శ్రేణి కడపటి దృశ్యంలో బాలుని స్మృత్యర్థం సముద్రతీరం పొడవునా ఒకదాని వెంట ఒకటి మంటలు వెలిగిస్తారు. ఊరంతా అక్కడ ఉంటుంది. అంగడి వృద్ధుడు ఉండడు. ఆ రాత్రి మాలో ఎవరమూ మరొక కథ పెట్టమని అడగలేదు.