నట్టు ఎక్కనంటే... వినాలి!

పాత మోటారు బోల్టు విరిగింది. కొట్టుకెళితే అలాంటిది లేదన్నారు. ఇక లేతుషాపే దిక్కు! బజార్లో దొరికే బోల్టులకైతే ఫ్యాక్టరీలో అచ్చుల మధ్య దొర్లించి మరలు పెడతారు. లేతుషాపులో అలా కాదు. ఇనుప కడ్డీని తిప్పుతూ, గాడిని కొంచెం కొంచెంగా కోయాలి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ బాలానగర్‌లోనైనా టర్నరు పనితనం బయటపడేది ఈ మర కోసేటప్పుడే.

చూడ్డానికి తేలికే. చక్‌లో బిగించిన కడ్డీ తిరుగుతుంటుంది. లీడ్‌స్క్రూ అనే పొడవాటి మరకడ్డీ టూలుని పక్కకు నడిపిస్తుంది. కడ్డీ ఒక చుట్టు తిరిగేసరికి టూలు సరిగ్గా ఒక పిచ్ దూరం జరగాలి. ఈ రెండింటికీ లంకె వేసేవి గేర్లు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే ఇలాంటి లేతును పక్కాగా తీర్చిదిద్దాడు. ఇప్పటి చిన్న లేతుల్లోనూ సూత్రం అదే.

10 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలుగా పిచ్ 1.5 మి.మీ. గాడి లోతు ఒక మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ. ఆ లోతంతా ఒక్కసారే తీయబోతే చిన్న మిషను గజగజ వణుకుతుంది. అందుకే పదిసార్లో, పన్నెండుసార్లో కోస్తారు. ప్రతిసారీ టూలు పాత గాడిలోనే పడాలి.

అన్నీ అయ్యాక నట్టు పెడితే... ఎక్కదు!

అసలు పరీక్ష ఇక్కడే. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఇంకో రెండుసార్లు లోతుగా కోసేస్తాడు. నట్టు ఎక్కుతుంది. పని అయిపోయిందనుకుంటాడు. కానీ తప్పు లోతులో కాక ఇంకెక్కడో ఉంటే, ఆ నట్టు ఒకటి రెండు మరల మీదే వేలాడుతుంది. మిగతావి ఊరికే తోడుంటాయంతే. అనుభవమున్న మేస్త్రీ అయితే మిషను ఆపేస్తాడు. నట్టు ఎందుకు మొరాయిస్తోందో చూస్తాడు.

మొదట చూసేది కడ్డీ కొస. అంచు వాలుగా లేకపోయినా, మరల తలల మీద ముళ్లలాంటి రజను నిలిచినా నట్టు మొదట్లోనే పట్టేస్తుంది. మిషను ఆపి ఆకురాయితో సన్నగా రుద్దితే చాలు.

నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే పిచ్ మీద అనుమానం. పక్కన స్కేలు పెడితే పది మరలు సరిగ్గా 15 మి.మీ.లో ఇమడాలి. లేదంటే గేర్లు తప్పుగా వేసినట్టే. ఇది చివర్లో తెలిస్తే కడ్డీ పాతసామాన్ల బుట్టలోకే. అందుకే మొదటిసారి గీత మాత్రమే గీసి కొలుస్తారు.

ఒక గాడి పక్కనే ఇంకో గాడి పడిందా? హాఫ్‌నట్‌ను వేయకూడనిచోట వేశారన్నమాట. లీడ్‌స్క్రూ అంగుళాలదై, కోసేది మిల్లీమీటర్ల మరైతే పని పూర్తయ్యేదాకా హాఫ్‌నట్ విప్పకూడదు. ప్రతిసారీ టూలు వెనక్కి లాగి, మిషనును వెనక్కి తిప్పి మొదటికి రావాలి. ఈ రెండు కొలతలనూ కచ్చితంగా కలిపేది 127 పళ్ల గేరు. అయిదు అంగుళాలంటే సరిగ్గా 127 మి.మీ. కదా!

మర ఒకపక్కకు వాలి కనిపిస్తే టూలు నిటారుగా లేదు. గీరుకుపోయినట్టుంటే మొద్దుబారి ఉండాలి, లేదా కడ్డీ నడిమట్టానికి ఎత్తుపల్లాలుండాలి. పదును పెట్టి, నూనె పోసి, వేగం తగ్గించి చూడాలి. సన్నటి పొడవాటి కడ్డీ మధ్యలో మాత్రమే నట్టు బిగిస్తే, టూలు తాకిడికి అది వంగిందని అర్థం. చివరి కోతలు మరీ పలచగా తీయాలి.

అన్నీ సరిగ్గానే ఉండీ కుదరకపోతే? నట్టు జాతే వేరేమో! 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో మర కోణం 55 డిగ్రీలన్నాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 అన్నాడు. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకి అంగుళానికి 12 మరలు, అమెరికా ముతక మరైతే 13. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. కలిపి బిగిస్తే మాత్రం పొసగదు. ఇలాంటప్పుడు లోతు పెంచి నట్టు ఎక్కించడం బోల్టును పాడుచేయడమే.

మేస్త్రీలు ఒకసారికి ఒకటే మారుస్తారు. గేరూ, టూలూ, వేగం అన్నీ ఒకేసారి మారిస్తే నయమైనా రోగమేదో తెలియదు. పైగా కోసిన ఇనుము తిరిగిరాదు. కొంచెం ఎక్కువ ఉంటే మళ్లీ తీయొచ్చు, తక్కువైతే అతకలేం.

వదులు మర బోల్టు షాపులో బాగానే కనిపిస్తుంది. దాని సంగతి తేలేది పొలంలో మోటారు అదురుతున్నప్పుడు... పక్కన మనిషి ఉన్నప్పుడు. మొరాయించిన నట్టు ఆ ప్రమాదాన్ని ముందే చెబుతోంది. ఆ మాట వినడానికి పది నిమిషాలు మిషను ఆపినా నష్టం లేదు.