కొండవీటి కాలిదారి

గుంటూరునకు సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న కొండవీటిని పుస్తకములలో మే మెన్నిమారులు చూచితిమో లెక్కలేదు. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారియై వెలిగిన దుర్గ మదియేయని నాయనగారి యొద్ద చదువుకొన్న నాటినుండి యెరుగుదుము. అత్తవారి యూరు గుంటూరే యైనను, పెండ్లియైన పండ్రెండేండ్లకు గాని ఆ కొండ యెక్కుట తటస్థింపలేదు.

గాంధీజయంతినాడు బడిలో సభ ముగించుకొని మావారు వచ్చుసరికి ఎనిమిది దాటెను. తొమ్మిదేండ్ల పెద్దవాడును, అయిదేండ్ల చిన్నదియు అప్పటికే చెప్పులు తొడిగి గుమ్మములో కూర్చుండిరి. పులిహోర, దద్దోజనము, చేగోడీలు డబ్బాల కెత్తితిమి. నీళ్ళు మాత్రము రెండు సీసాలే. బరువని మూడవదానిని బల్లపై విడిచితిమి. సోదరీమణులారా, పులిహోర యొక డబ్బా తగ్గినను పిల్ల లేమియు ననుకొనరు!

ఇప్పుడు కొండపైకి ఘాటురోడ్డు కలదు. అయినను కాలిదారినే యెక్కవలెనని మావారి పట్టుదల. వానలకు కొండ యంతయు పచ్చబడియున్నది. ఎటు చూచినను సీతాఫలపు చెట్లే. చిన్నది కనబడిన కాయనెల్ల తాకి, "కళ్ళు విచ్చిందా అమ్మా?" యని యడుగుచు నడిచెను.

సగము దారి పోకముందే రెండు సీసాలును వట్టివయ్యెను. ఎండ ముదిరెను. చిన్నది యొక రాతిపై కూలబడి మొదట ఏడ్చెను, పిదప ఏడుపును మానెను. ఆ యూరకుండుటయే మమ్ము భయపెట్టినది. "ఇంక కొంచెమే" యని మావా రనిరి. "వెనుకకు పోవుదము" అంటిమి. వారి మాటకు మారుపలుకుట మాకు క్రొత్తగాదు గాని, పిల్లల యెదుట పలుకుట అదియే మొదలు.

అంతలో సీతాఫలముల తట్టతో దిగివచ్చుచున్న యొక అవ్వ మమ్ము చూచి, తట్ట దింపి, తన సీసా మా చేతి కిచ్చెను. "ముందు పిల్లకి తాపండమ్మా, మాటలు తరవాత. ఆ మలుపు తిరిగితే చెరువే, నీడ ఉంది" అనెను. మాగిన పండొకటి విప్పి చిన్నదాని యరచేతిలో నుంచెను. డబ్బులీయబోగా పండునకు మాత్రమే పుచ్చుకొనెను.

కొండపై ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు కలవు. వాలులమీది వాననీటిని పట్టి నిలుపుట కేర్పడినవి. మేము చేరిన చెరువు నిండుగా నుండెను. "ఇంత ఎత్తున చెరువెందుకు, నాన్నగారూ?" యని పెద్దవా డడిగెను. మావారు రెడ్డిరాజుల కథ మొదలిడకముందే చిన్నది, "వాళ్ళకీ దాహం వేసింది" అనెను.

కృష్ణదేవరాయలు 1515లో ఈ దుర్గమును గజపతులనుండి ముట్టడించి గెలుచుకొనెనని మేము చదివియుంటిమి. ముట్టడియన మాకంతవరకు ఏనుగులును, భేరీలును మాత్రమే. వాకిళ్ళు మూసికొన్న ఆ దినములలో ఎందరు తల్లులు బిడ్డలకు నీరు కొలిచి పోసిరో, ఆ గట్టుమీద కూర్చున్నప్పుడు గాని మాకు తోచలేదు.

పైనున్న బురుజులవరకు పోవలెనని మావారి కుండెను. పెద్దవాడు తండ్రి ముఖము చూచెను. వారొక్క నిమిషము ఆ వైపు చూచి, చిన్నదాని నెత్తుకొని ఘాటురోడ్డు దారి పట్టిరి.

ఇల్లు చేరుసరికి మూడవ సీసా బల్లపై నట్లే యుండెను. మావారు దానిని తీసి, మూత విప్పి, ఏమియు ననక మా చేతి కిచ్చిరి.